గంట కొడితే గంటలో అయిపోవాలి

మొన్నొక జవాబు చివర "మా రోటరీ మీటింగుకి టైమైంది, ఉంటాను" అని రాశాను. రోటరీ అంటే ఊళ్లో రకరకాల పనులు చేసుకునేవాళ్లు కలిసి నడిపే సేవా క్లబ్బు. అదే కొంప ముంచింది. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం, ఆ మీటింగుల్లో మీరంతా ఏం చేస్తారు అనే! సరే, ఈసారికి ఆ గోల తేల్చేద్దాం.

మాస్టారూ, మా బావగారు వచ్చే గురువారం రోటరీ మీటింగుకి గెస్టుగా రమ్మంటున్నారు. సూటు వేసుకోవాలా? నన్నేమైనా మాట్లాడమంటారా? చిన్న టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

సూటు వద్దండీ, ఇస్త్రీ చొక్కా చాలు. సూట్లు బయటికొచ్చేది జులైలో. రోటరీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి కొత్త ప్రెసిడెంటు పదవిలోకి వచ్చే పండగ అప్పుడే ఉంటుంది, ఆ సాయంత్రం ఆయన పెళ్లికొడుకు కింద లెక్క.

మామూలు వారాల్లో అయితే ప్రెసిడెంటు పదవి గుర్తుగా మెడలో కాలర్ అనే పట్టీ వేసుకుని గంట కొడతాడు, మీటింగు మొదలైనట్టు. మా క్లబ్బు గంట ఇత్తడిది, చెక్క స్టాండుకి వేలాడుతుంటుంది. దాని సుత్తి ఎక్కడో పోయింది. కొత్తది కొనాలని మూడు మీటింగుల్లో అనుకున్నాం గానీ ఎవరూ కొనలేదు, ఆరు నెలలపాటు సాంబారు గరిటె కాడతోనే కొట్టాం. ఒకసారి ఒక గెస్టు ఆ గరిటె చూసి భోజనాలకి పిలుస్తున్నారనుకుని లేచి ప్లేటు అందుకున్నాడు పాపం.

గంట తర్వాత ప్రార్థన, గెస్టుల పరిచయం. మీ వంతు అక్కడే: లేచి నిలబడి పేరు, ఊరు, చేసే పని చెప్పి నమస్కారం పెట్టి కూర్చోండి, అయిపోయింది. ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లకి చప్పట్లు, సెక్రటరీ ప్రకటనలు, ఓ ఇరవై నిమిషాలు ఎవరో ఒక వక్త, వందన సమర్పణ, మళ్లీ గంట. ఆ తర్వాత "ఫెలోషిప్". అంటే భోజనం, కంగారు పడకండి.

పేరెలా వచ్చిందో కూడా తెలుసుకుని వెళ్తే మీ బావగారి ముందు కాస్త గొప్పగా ఉంటుంది. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఇంకొకాయన దర్జీ పని వ్యాపారం. మొదటిసారి ఇంజనీరు గారి ఆఫీసులో, ఆ తర్వాత వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఇంకొకరిది, మన ఆడవాళ్ల చీటీపాట ఒక్కో నెల ఒక్కో ఇంట్లో పెట్టుకున్నట్టు. మీటింగు అలా తిరుగుతూ, ఇంగ్లీషులో చెప్పాలంటే రొటేట్ అవుతూ ఉండేది కాబట్టే రోటరీ అన్నారు. గుర్తులోని చక్రానికి 24 పళ్లు, 6 ఆకులు ఉంటాయి, బోర్ కొట్టినప్పుడు లెక్కపెట్టుకోండి, నేను చాలాసార్లు లెక్కపెట్టాను.

మాది లయన్స్ క్లబ్బు, మీ రోటరీ లాంటిదే ఇంకో సేవా క్లబ్బు. కొత్త కారు కొన్నానని 500 ఫైను, ఆలస్యంగా వచ్చానని 100, ఫోను మోగిందని ఇంకో 100. ఒక్క మీటింగులో మూడుసార్లు! ఇది సేవా, వసూళ్లా?
– ఖమ్మం నుంచి ఒక సభ్యుడు

ముందు కారుకి అభినందనలు.

ఫైన్లు వేసే ఆయన్ని మీ క్లబ్బులో టెయిల్ ట్విస్టర్ అంటారు, తోక మెలిపెట్టేవాడన్నమాట. సింహాల క్లబ్బు కదా, తోక ఉండాల్సిందే. సభలో నవ్వు పుట్టించడం ఆయన ఉద్యోగం, డబ్బు ఒక సాకు. అయితే లయన్స్ వాళ్ల నమూనా నియమావళిలో దీనికి కళ్లెం కూడా ఉంది: ఫైను మొత్తం బోర్డు పెట్టిన హద్దు దాటకూడదు, ఒకే మీటింగులో ఒక సభ్యుడికి రెండుసార్లకి మించి వేయకూడదు. కాబట్టి మీ మూడో వంద అక్రమం, ధైర్యంగా వెనక్కి అడగండి. ఆయన మీద పగ తీర్చుకుందామంటే మాత్రం కష్టం. టెయిల్ ట్విస్టరుకి ఫైను వేయాలంటే అక్కడున్న సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, ఆయన కూడా సభ్యుడే మరి!

నవ్వు సంగతి పక్కన పెట్టి ఒక్క మాట. మా క్లబ్బులో హార్లిక్స్ సీసా మూతకి చీలిక పెట్టి ఫైను డబ్బు అందులో వేయించేవాళ్లం, లెక్క రాసేవాళ్లం కాదు. ఏడాది చివర విప్పితే అందరం అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. ఎవరూ తినలేదని నేను నమ్ముతాను, కానీ ఆ రోజు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. వసూలైంది ఆ రాత్రే ట్రెజరరు చేతికి వెళ్లి, పుస్తకంలో పడుతోందో లేదో చూడండి. పడుతుంటే నవ్వుతూ కట్టేయండి.

మూడు వారాలు వరసగా మానేశాను, ఇంకోసారి మానేస్తే తీసేస్తామని సెక్రటరీ బెదిరిస్తున్నారు. షాపు మూసి వారం వారం రావడం నా వల్ల కాదు సార్.
– రోటరీ సభ్యుడు, కర్నూలు

పాత రోజుల్లో హాజరు పట్టీ దగ్గర మరీ కఠినంగానే ఉండేవారు. 2016లో రోటరీ నియమాలు మార్చే వాళ్ల శాసన మండలి ఆ పట్టు సడలించింది, నెలకి కనీసం రెండు మీటింగులు జరిగితే చాలు, మిగతాది క్లబ్బు ఇష్టమని. మీ క్లబ్బు నియమావళి కాగితం అడిగి చూడండి, సెక్రటరీ గారు బహుశా పాత కాగితం చదువుతున్నారు. ఇంకో దారి "మేకప్". పౌడరు కాదండోయ్, సరుకు కోసం విజయవాడో హైదరాబాదో వెళ్లినప్పుడు అక్కడి క్లబ్బు మీటింగులో కూర్చుంటే ఆ హాజరు మీ ఖాతాలో పడుతుంది.

మా ఆయన ప్రతి మంగళవారం రోటరీలో సేవ పేరు చెప్పి బిర్యానీ తినొస్తారు. ఫొటోలో ఒక కుట్టుమిషను, దాని వెనక పన్నెండు మంది మగాళ్లు. నాలాంటివాళ్లం చేరితే ఆ మిషను మీద ఏదన్నా కుడతాం కదా!
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

అమ్మా, ఆ ఫొటో విషయంలో మీతో వాదించను. అలాంటి ఫొటోల్లో నేనూ ఉన్నాను, రెండో వరసలో, మెడ చాచి.

చేరడానికి ఇప్పుడు అడ్డేం లేదు, నిక్షేపంగా చేరండి. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి క్లబ్బు ఆడవాళ్లని చేర్చుకుందని 1978లో దాన్ని రోటరీ నుంచి వెలివేశారు. వాళ్లు తగ్గలేదు, "మాజీ రోటరీ క్లబ్" అని పేరు పెట్టుకుని మీటింగులు జరుపుకుంటూనే కోర్టుకెళ్లారు. 1987లో అమెరికా సుప్రీం కోర్టు రోటరీ వాదన ఒప్పుకోలేదు, 1989లో రోటరీయే తన రాజ్యాంగం మార్చుకుంది. మొదటి మహిళా ప్రపంచ అధ్యక్షురాలు జెనిఫర్ జోన్స్ వచ్చింది మాత్రం 2022లో. ఆలస్యమే, కాదనను. "ఇన్నర్ వీల్ ఉంది కదా, అందులో చేరు" అని మీవారు అనొచ్చు, రోటరీ కుటుంబాల ఆడవాళ్లతో మొదలైన క్లబ్బు అది. అదీ మంచిదే, కానీ ఎందులో చేరాలో ఎంచుకునేది మీరు.

బిర్యానీ గురించి మాత్రం కొంచెం మీవారి పక్షాన మాట్లాడతాను. పోలియో చుక్కల కాలంలో ఆదివారం పొద్దున్నే ఐస్ డబ్బాలు మోసింది ఈ బిర్యానీ బ్యాచే. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం. అది పెద్ద కథ. నాకు గుర్తున్నది చిన్నది. ఒకరోజు భోజనాల దగ్గర, మజ్జిగ కోసం లైన్లో నిలబడి, హైస్కూలు హెడ్మాస్టరు గారు పక్కాయనతో అంటున్నారు: మా ఆడపిల్లలు మధ్యాహ్నం నీళ్లు తాగడం లేదండీ, బాత్రూముకి తలుపు విరిగిపోయింది, ఎండలో కళ్లు తిరిగి పడిపోతున్నారు. పక్కాయనకి ప్లైవుడ్ షాపుంది. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని "ఎన్ని అడుగులండీ?" అన్నాడు. శనివారానికి రెండు తలుపులు, గొళ్లేలతో సహా బిగించేశారు. తీర్మానం లేదు, ఫొటో లేదు, మినిట్స్ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. వాళ్లిద్దరూ వారం వారం ఒకే బెంచీ మీద కూర్చోకపోతే ఆ మాట ఆయన చెవిన పడేది కాదని నా నమ్మకం. అందుకే వారం వారం అనే పద్ధతి మీద నాకింకా మమకారం, పైన కర్నూలు సోదరుడికి అంత తేలిగ్గా చెప్పేశాను గానీ.

మీరు చేరితే ఫొటోగ్రాఫరుని మాత్రం పిలవనివ్వకండి.

తేనెటీగలు పెంచుతాను. మా ఊరి క్లబ్బులో ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం చెప్పాలి, స్లైడ్లు చేయించాలా?
– చింతపల్లి నుంచి ఒక రైతు

స్లైడ్లు వద్దు, ప్రొజెక్టరు ఎలాగూ పనిచేయదు. ఖాళీ పెట్టె ఒకటి, మైనపు చట్రం ఒకటి పట్టుకెళ్లి చేతుల్లో పెట్టండి. మిమ్మల్ని పరిచయం చేసే ఆయన ఆరు నిమిషాలు తింటాడు, అది మీ ఇరవైలోంచే. కాబట్టి పన్నెండు నిమిషాలకి సిద్ధపడండి. మొదటి తేనెటీగ కుట్టిన రోజు సంగతితో మొదలుపెడితే అందరూ వింటారు. వంటవాడు వెనక తలుపు దగ్గర కనిపించాడంటే ఎక్కడున్నా ఆపేయండి. శాలువా కప్పుతారు, మొమెంటో ఇస్తారు, దాని మీద మీ పేరులో ఒక అక్షరం తప్పుంటుంది, ఏమీ అనకండి. తేనె సీసాలు ఓ పదిహేను తీసుకెళ్లండి. ధర ముందే చెప్పేయండి, లేకపోతే అవీ మొమెంటోలే అనుకుంటారు.