పద్దెనిమిది అని రాసేయకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వదినా, దానికి విజయనగరంలో నర్సు ఉద్యోగం వచ్చింది, సోమవారం నుంచి నైట్ డ్యూటీ" అంది. సంతోషంతో నిద్ర పట్టలేదు. ఒంటిగంట దాటాక భయం పట్టుకుంది. మన ఇంట్లో నా తరవాత తెల్లచీర నువ్వే కడతావనుకున్నాను, ఇప్పుడు ప్యాంటూ చొక్కానట కదా. మంచిదేలే, పరిగెత్తడానికి వీలు.

చేతులు కడుక్కోవడం, మందు ఇచ్చేముందు పేరడగడం మీ మేడమ్‌లు చెప్పే ఉంటారు. డ్యూటీకి ముందు అన్నం తిను, టీ తాగేసి కడుపు నిండిందనుకోకు. నేను చెప్పాలనుకున్నది ఊపిరి లెక్క గురించి. జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టులో జ్వరానికి థర్మామీటర్ ఉంది, నాడికి మిషనొచ్చింది. ఊపిరి మాత్రం మనమే కూచుని లెక్కపెట్టాలి, అందుకే అందరూ అక్కడే దొంగతనం చేస్తారు.

నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వార్డుకి ఒక్కదాన్ని. చార్టులన్నీ ముందేసుకుని అన్నిట్లో ఊపిరి పద్దెనిమిది అని వరసగా రాసేశాను. కిటికీ పక్క మంచం మీద కవిటి వైపు నుంచి వచ్చిన కొబ్బరితోట మనిషి, కిడ్నీలు పాడైనవాడు. ఉద్దానంలో ఆ జబ్బు ఇంటింటి కథని నీకు తెలుసు. బీపీ బాగుంది, జ్వరం లేదు. వాళ్లావిడ రెండుసార్లు వచ్చి "సిస్టరమ్మా, ఊపిరి ఈడుస్తున్నాడు, ఓపాలి రా" అంది. రెండోసారి విసుక్కున్నాను కూడా. నిద్రపోతున్నాడు, నువ్వూ పడుకో అన్నాను. నాలుగింటికి డ్యూటీ డాక్టరు వచ్చి, చార్టు చూసి, మనిషిని చూసి, వాచీ పట్టుకుని నిమిషం నిలబడ్డాడు. ముప్ఫై నాలుగు. కిడ్నీలు పనిచేయక రక్తంలో ఆమ్లం పేరుకుంటే దాన్ని తగ్గించుకోడానికి ఒళ్లు లోతుగా, గబగబా ఊపిరి తీయిస్తుంది. రాత్రంతా ఆ మనిషి చేస్తున్న పని అదే, నేను దానికి నిద్ర అని పేరు పెట్టాను. విశాఖ పంపిస్తే దారిలోనే పోయాడు. ముందే చూసినా దక్కేవాడో లేదో అన్నాడు డాక్టరు. ఆ మాట నా కోసమే అన్నాడని నాకు తెలుసు. ఆవిడ కాగితాల కోసం వచ్చినప్పుడు నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. తిట్టలేదు. నేనా చార్టు చేతిలో పట్టుకునే నిలబడ్డాను.

అందుకే చెబుతున్నాను, విను. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకో, కళ్లు మాత్రం గుండె మీద, పొట్ట మీద పెట్టు. ఊపిరి లెక్కపెడుతున్నానని చెప్పావంటే మనిషి తీరు మార్చేస్తాడు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే తెలివితేటలు వద్దు, నిమిషం నిండా చూడు. పెద్దవాళ్లకి 12 నుంచి 20 వరకు మామూలు. 25 దాటినా, 8కి పడినా పరిగెత్తు, డాక్టరు నిద్ర పాడవుతుందని మొహమాటపడకు. నిన్న 14 ఉన్నవాడు ఇవాళ 22 అయితే, బీపీ బాగుందని ఊరుకోకు, చాలాసార్లు బీపీ పడేది తరవాతే. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పులో 97 కనిపిస్తోందనీ మోసపోకు. ఆక్సిజన్ పెట్టి ఉంటే అంకె బాగానే ఉంటుంది, లోపల మనిషి అలిసిపోతుంటాడు. రెండు నెలల లోపు పసిగుడ్డుకి 60, ఏడాది లోపు వాళ్లకి 50, అయిదేళ్ల లోపు 40, ఆ అంకె వచ్చిందంటే వేగంగా తీస్తున్నట్టే. ఏడుస్తున్న పిల్లని మాత్రం లెక్కపెట్టకు, ఊరుకున్నాక చూడు.

కట్లపాము కేసుకి ఇదంతా తలకిందులు. నేల మీద పడుకున్నవాళ్లని అర్ధరాత్రి కాటేస్తుంది, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆయాసం లేదని మనం నిశ్చింతగా ఉంటాం. ఊపిరి పైపైన ఆడుతుంటుందంతే. ఆ మంచం వదిలి వెళ్లకు.

చాలా తిట్టినట్టున్నాను. నువ్వు బాగా చేస్తావు, చిన్నప్పుడు కోడిపిల్లలకి కూడా కట్టు కట్టేదానివి. సెకన్ల ముల్లున్న నా వాచీ మీ నాన్నతో పంపిస్తున్నాను, బెల్టు మార్పించుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఊపిరీ ఓసారి లెక్కపెట్టు, తెలియనట్టే ఉంటాలే. ఈమధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మీ అమ్మకి చెప్పకు.

మీ అత్త