మోడల్ రైల్వే క్లబ్బులో నిజంగా ఏం చేస్తారు? అనుభవం లేనివారు చేరవచ్చా?

చేతిపని అంతగా రానివారు మోడల్ రైల్వే క్లబ్బులో చేరితే ఏం చేస్తారు, ఏం నేర్చుకుంటారు అని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉంటూ ఆరేళ్లుగా ఒక చిన్న ఊరి క్లబ్బులో సభ్యుడిగా ఉన్నాను. నిస్సంకోచంగా చేరండి. అయితే వెళ్లగానే రైలు నడపడమే పని అనుకోవద్దు. వారానికొక సాయంత్రం కలిసే మా సభ్యులు ఎక్కువ సమయం పట్టాలు వేయడంలోనూ తీగలు కలపడంలోనూ గడుపుతారు.

మా లేఅవుట్, అంటే పట్టాలతో కట్టిన నమూనా రైలుమార్గం, ఓఓ గేజ్ అనే కొలతది. ఇందులో రైలు అసలు దానిలో 76వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండులోని అసలు పట్టాల దూరాన్ని అదే వంతుకు తగ్గిస్తే 18.83 ఉండాలి కనుక, ఆ తేడాను ఒప్పుకోలేనివారు ఆ దూరాన్నే పాటించే పీ4 ప్రమాణంలో పట్టాలను స్వయంగా తయారుచేసుకుంటారు. వారి ఓపిక అంటే నాకు ఎంతో గౌరవం.

ప్రదర్శనలకు తీసుకువెళ్లడానికి వీలుగా లేఅవుట్‌ను నాలుగడుగుల ప్లైవుడ్ బల్లల మీద కడతాము. రెండు బల్లలు కలిసే చోట రాగిపూత ఉన్న స్లీపర్లకు పట్టాను సోల్డరింగ్ చేసి, ఆ తర్వాతే సన్నని రంపంతో కోస్తాము. అప్పుడు రెండు కొసలూ ఎదురెదురుగా సరిగ్గా కుదురుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కంకర పోయడం. సన్నని రాతి పొడిని పొడిగానే పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్యకు నెట్టి, పట్టా మీద కుంచె కాడతో మెల్లగా తడితే పైన నిలిచిన రేణువులు కిందికి జారతాయి. ఆ తర్వాత గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపిన నీటిని సన్నగా చిమ్మాలి. అది కలపకపోతే, నీళ్లతో పలుచన చేసి ఫిల్లర్‌తో చుక్కలుగా వేసే తెల్ల జిగురు లోపలికి ఇంకక, తామరాకు మీది నీటిబొట్టులా దొర్లుతూ కంకరను కూడా లాక్కుపోతుంది. పాయింట్లలో, అంటే ఒక దారి రెండుగా చీలే చోట, కదిలే పట్టా నాలుకల దగ్గరికి మాత్రం జిగురు పోనివ్వకూడదు.

మొదటి ఏడాది నా రైలు పెట్టె ఒకటి ప్రతి పాయింటు దగ్గరా పట్టాలు తప్పేది. నేను వేసిన పట్టాలదే తప్పని రెండు వారాలు వాటినే సరిచేస్తూ కూర్చున్నాను. క్లబ్బు పెద్దాయన ఒకరు పెట్టెను తిరగేసి, జత చక్రాల లోపలి ముఖాల మధ్య కొలబద్ద పెట్టి చూశారు: 14.5 మిల్లీమీటర్లు ఉండవలసిన దూరం 14కు తగ్గింది. చక్రాన్ని ఇరుసు మీద కొద్దిగా తిప్పుతూ బయటికి లాగితే సరిపోయింది. ఇంట్లో ఒంటరిగా చేసుకుంటే ఈ సంగతి నాకు ఎప్పటికి తెలిసేదో!

మాది రాజమండ్రి కనుక గోదావరి మీది ఆర్చి వంతెనను కట్టాలని నా కోరిక. అసలు వంతెనలో ఒక్కో ఖానా (రెండు స్తంభాల మధ్య భాగం) సుమారు 97.5 మీటర్లు, ఓఓలో అది 128 సెంటీమీటర్లు అవుతుంది, అంటే మా బల్ల కంటే పొడవు. అందుకే 148వ వంతు ఉండే ఎన్ గేజ్‌కు మారి, 66 సెంటీమీటర్ల ఖానా ఒకటి ముందుగా అట్టతో చేసి చూస్తున్నాను. మన బ్రాడ్ గేజ్ ఆ కొలతలో 11.3 మిల్లీమీటర్లు కాగా, దుకాణంలో దొరికే పట్టా 9 మాత్రమే కాబట్టి, వచ్చే చలికాలం పట్టాలు సొంతంగా చేయడం నేర్చుకోవాలి.