పంటి మీద లేజర్ పెట్టే ముందు

శిరీషా,

నువ్వు రామన్ ఇమేజింగ్‌లో, అంటే లేజర్ వేసి చెదిరిన కాంతి రంగు మార్పును బట్టి ఎక్కడ ఏముందో మ్యాప్ గీసే పనిలో, పీహెచ్‌డీకి చేరావని, అదీ మన మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ పళ్ళ మీదే పని చేస్తావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. సంతోషమూ కోపమూ రెండూ వచ్చాయి. ఆ మెషిన్ ముందే కూర్చుని కూర్చుని రిటైరైన పెదబాపు నల్లగొండలో ఉండగా ఒక్క మాట అడగవా? సరే, అడక్కపోయినా చెప్తాను.

ఎథిక్స్ అనుమతి, పళ్ళు ఇచ్చినవాళ్ళ సంతకాలు ముందే తీసుకో. పన్ను కోశాక నున్నగా పాలిష్ చెయ్యి, లేకపోతే ఫోకస్ తప్పుతుంది. గోధుమరంగు మచ్చల మీద 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వద్దు. అసలే రామన్ కాంతి కోటి ఫోటాన్లకు ఒకటో అరో, ఆ మచ్చలే వెలిగే ఫ్లోరెసెన్స్ కాంతిలో పడితే డీజే పక్కన సన్నాయే. 785తో మొదలుపెట్టు. పవర్ ఎక్కువైతే మచ్చ మాడుతుంది, మాడితే గ్రాఫ్‌లో 1350, 1580 వేవ్‌నంబర్ల (కాంతి ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గర బొగ్గు పీకులు, అంటే శిఖరాలు, లేస్తాయి, వాటిని చూసి జబ్బు దొరికిందని గంతులెయ్యకు.

ఇక అసలు సంగతి. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఇదే పని చేశాడు. తెలివైనవాడు, కష్టజీవి. ఎనామిల్‌లో, అంటే పంటి పైపొరలో, ఫాస్ఫేట్ పీక్ 960 వేవ్‌నంబర్ దగ్గర ఉంటుందని నీకు తెలుసు. హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరేకొద్దీ అది కొంచెం పైకి జరుగుతుంది, పూర్తిగా ఫ్లోర్‌అపటైటే, అంటే ఫ్లోరైడ్ నిండిన ఖనిజమే, అయినా జరిగేది నాలుగైదు వేవ్‌నంబర్లు, పంటిలో అంతకంటే చాలా తక్కువ. అతను మంచి పళ్ళన్నీ చలికాలంలో కొలిచి పక్కన పెట్టాడు, ఫ్లోరోసిస్ పళ్ళు వేసవిలో వచ్చాయి, వాటినన్నిటినీ వరుసగా అప్పుడు కొలిచాడు. పీక్ ఒకటిన్నర జరిగింది. మ్యాప్‌లో ఒక గుంపు నీలం, ఇంకో గుంపు ఎరుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ల్యాబంతా సంబరం. పోస్టర్ కూడా అచ్చయింది. తర్వాతెప్పుడో ఏసీ ఆగిన ఒక మధ్యాహ్నం ఎవరో మెషిన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే సిలికాన్ ముక్క పెట్టి చూస్తే 520.5 దగ్గర ఉండాల్సిన పీక్ 522 చూపించింది. జరిగింది పన్ను కాదు, గది వేడికి మెషిన్ జరిగింది! ఆ కుర్రాడు ఆ సాయంత్రం టీ కూడా తాగలేదు. వాళ్ళ గైడ్ తిట్టలేదు, అదే ఇంకా బాధ.

అందుకని బిడ్డా, మంచి పళ్ళూ మచ్చల పళ్ళూ కలిపి కొలువు. ఏది ఏదో నీకే తెలియకుండా ఇంకొకరితో నంబర్లు వేయించు. ప్రతి మ్యాప్‌కూ ముందొకసారి, అయ్యాక ఒకసారి సిలికాన్ చూడు. వంద బై వంద పాయింట్లు, ఒక్కోదానికి ఒక సెకను అనుకున్నా దాదాపు మూడు గంటలు, అంతసేపట్లో ఏమైనా జరుగుతుంది. పన్ను ఏ వైపు తిప్పి పెట్టావో కూడా రాసుకో, ఎనామిల్ స్ఫటికాలు వరుసగా ఉంటాయి కాబట్టి తిప్పితే పీక్ ఎత్తు మారుతుంది. ఇంకోటి, ఒక పంటి నుంచి 10,000 స్పెక్ట్రాలు వస్తాయి గానీ ఆ మనిషి ఒక్కడే. కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు అదే మనిషి పాయింట్లు సగం నేర్పడానికి, సగం పరీక్షకు పెట్టావంటే తొంభై తొమ్మిది శాతం వస్తుంది, అది నీ గొప్పా కాదు, దాని గొప్పా కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మీ నాయనమ్మ నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, నువ్వు చూసే ఉంటావు. ఫోటోల్లోనూ అంతే. కృష్ణా నీళ్ళు ఇంటికి రాకముందు ఆ బోరు నీళ్ళే కదా తాగింది. ఆ పల్లెల్లో ఎవరెవరొచ్చినా పాపం నోరు తెరిచి చూపించారు. నువ్వు కూడా చూసి పోయేదానివి కావద్దు. ఏం తేలిందో, ఏమీ తేలకపోతే అదీ, వెళ్ళి చెప్పు.

చివరగా నా టెన్షన్. 1928లో కలకత్తాలో రామన్, కృష్ణన్ మొదట సూర్యకాంతిని వాడి, కంటితోనే చూశారు. నువ్వు ఆ పని చెయ్యకు. 785 కంటికి మసకగా ఎర్రగా కనిపిస్తుంది, అసలు పవరెంతో తెలియదు, రెప్ప కూడా పడదు. గాజులు, వాచీ తీసేసి వెళ్ళు, వాటి మీద తగిలి తిరిగొచ్చినా ప్రమాదమే. 532కు ఇచ్చిన కళ్ళద్దాలు 785కు పనికిరావు. ఏ తరంగదైర్ఘ్యానికో అద్దం మీదే రాసి ఉంటుంది, దాన్ని ఫోటో తీసి రేపే వాట్సాప్‌లో పంపు. అది చూశాకే డబ్బులేమైనా కావాలంటే మాట్లాడదాం.

నీ పెదబాపు