అన్నకు ఇచ్చింది సాయమా, చేబదులా?

ప్రశ్న: మాది అనంతపురం. మావారూ నేనూ ఉద్యోగస్తులం, ఇద్దరిదీ కలిపి నెలకు 95 వేలు చేతికొస్తుంది. మా అన్న పల్లెలో శెనక్కాయ సేద్యం చేస్తాడు. నా డిగ్రీ కోసం తను పదోతరగతితోనే చదువు మానేశాడు. వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి. మూడు రూపాయల వడ్డీకి 2 లక్షల బాకీ ఉంది. మావారికి చెప్పకుండా 40 వేలు చేబదులిచ్చాను, తెలిసిపోయింది. ‘కష్టపడి సంపాదించుకున్నాం, మనం ఎవరికీ బాకీ లేం’ అంటున్నారు. ఆయనే ఏటా తిరుమల హుండీలో పదివేలు వేస్తారు. నేను చేసింది తప్పా?

జవాబు: ఇవ్వడం తప్పు కాదమ్మా. దాచారు చూడండి, అక్కడ మీవారి కోపం న్యాయమే. హుండీ మాట మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి, ఎత్తితే అసలు విషయం పక్కకు పోతుంది.

‘కష్టపడ్డాం’ అన్నది నిజమే. మీ అన్న కష్టపడలేదా? శెనక్కాయ విత్తిన నలభై, యాభై రోజులకు పూల నుంచి ఊడలు నేలలోకి దిగుతాయి, వాటికే కాయ కట్టేది. అప్పుడు నేల తడి లేకపోతే ఊడ గట్టి మట్టిలోకి దిగదు, కాయ కట్టదు. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే నాలుగు తాలుకాయలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట చెమటకూ ఆదాయానికీ లెక్క కుదరదు. పైగా మీ జీతంలో ఆయన మానేసిన చదువు కూడా ఉంది. దాన్ని దానం అనుకోకండి, వాటా అనుకోండి. నా మటుకు అది మీ బాధ్యతే.

ఇక లెక్క. 2 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 6 వేల వడ్డీ. మీరిచ్చిన 40 వేలు ఏడు నెలల వడ్డీకి కూడా చాలలేదు, అసలు కదల్లేదు. కాబట్టి ముందు అప్పు చోటు మార్చాలి. వదిన బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, వచ్చిన డబ్బుతో ఆ బాకీ తీర్చండి. బ్యాంకులో మామూలుగా రూపాయి వడ్డీకి మించదు. అప్పుడు నెలకు 5 వేలు కట్టినా నాలుగేళ్లు దాటిన కొద్ది నెలలకు మొత్తం తీరుతుంది. బంగారం రుణాన్ని ఏడాదికోసారి తిరగరాయించుకోవాలి. మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. పంట రుణం ఉంటే గడువులోపు కట్టమనండి. 3 లక్షల లోపు దానికి, సకాలంలో కడితే పడేది 4 శాతమే.

వడ్డీ వ్యాపారికి డబ్బు కట్టిన రోజే ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి. ‘ఇంట్లో ఉంది, రేపిస్తా’ అంటే డబ్బు కూడా రేపే. నోటు వాళ్ల దగ్గరే ఉండిపోయి తర్వాత కోర్టుకెక్కిన గొడవలు మన పల్లెల్లో తక్కువేం కాదు.

మీవారితో కూర్చుని ఆ 5 వేలు నెల బడ్జెట్‌లో రాయండి. మీ ఆదాయంలో అది ఇరవయ్యో వంతు దాటి కొంచెం. అత్యవసరానికని పక్కన పెట్టుకున్న ఆరునెలల ఇంటి ఖర్చు డబ్బును దీనికోసం తాకొద్దు. ఒప్పుకోకపోతే 3 వేలతో మొదలుపెట్టండి, కానీ బహిరంగంగా. డబ్బు అన్న చేతికి కాకుండా నేరుగా బ్యాంకులోని ఆ రుణ ఖాతాకు వేస్తే మీవారికీ అనుమానం ఉండదు. నాలుగో బోరుకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి, ఎంత బతిమాలినా. జామీను సంతకమూ వద్దు. అన్న కట్టలేకపోతే ఆ బాకీ మొత్తం మీ మెడకే చుట్టుకుంటుంది. పిల్లల ఫీజుకు సాయం చేయాలనిపిస్తే బడిలోనే కట్టి రసీదు తీసుకోండి.

చేబదులు అన్న మాట దగ్గరే చిక్కంతా. తిరిగివ్వలేడని తెలిసీ అప్పు పేరు పెడితే, ఆయన మిమ్మల్ని చూసి తప్పుకు తిరుగుతాడు, పండక్కి కూడా రాడు. అప్పుడు డబ్బూ పోతుంది, అన్నా పోతాడు. ఈసారి పల్లెకు పోయినప్పుడు ఆ 40 వేలు ఇవ్వక్కర్లేదని వదిన ఎదుటే చెప్పి రండి. మీవారిని వెంటబెట్టుకుని పోయి, ఆ మాట ఆయన చేతే చెప్పిస్తే ఇంకా మేలు.