‘అక్యూజటివ్’ అంటే కర్మా, ద్వితీయా విభక్తా?

ప్రశ్న: లాటిన్ వ్యాకరణంలోని ‘అక్యూజటివ్’ను కొందరు ‘కర్మ’ అనీ, కొందరు ‘ద్వితీయా విభక్తి’ అనీ రాస్తున్నారు. ఏది సరి? అసలు ఆ మాటకు ‘నేరం మోపేది’ అన్న అర్థం ఎందుకొచ్చింది?

జవాబు: పదరూపాన్ని చెప్పేటప్పుడు ద్వితీయా విభక్తి అనండి. కర్మ అనేది క్రియతో ఉన్న సంబంధం. ఈ రెంటినీ కలిపేస్తే అనువాదం చెడుతుంది. సంస్కృతంలో ‘రామేణ రావణః హన్యతే’ (రాముడి చేత రావణుడు చంపబడుతున్నాడు) అన్నప్పుడు రావణుడు కర్మే, కానీ ఉన్నది ప్రథమలో. ‘గ్రామం గచ్ఛతి’ (ఊరికి వెళ్తున్నాడు)లో ద్వితీయ ఉంది; తెలుగులో అదే ‘ఊరికి’ అవుతుంది. మన ‘పుస్తకం చదివాను’లో కర్మ ఉన్నా ‘ని’ ప్రత్యయం కనబడదు. ‘గురించి’ ద్వితీయా ప్రత్యయమే, అయినా ‘నీ గురించి మాట్లాడాం’లో కర్మ లేదు.

ఇక నేరం సంగతి. ఈ విభక్తికి గ్రీకు పేరు ‘ఐతియాతికే’. దాని మూలమైన ‘ఐతియా’కు కారణం, నేరారోపణ అని రెండర్థాలు. లాటిన్ వాళ్లు ఆ పేరును అనువదిస్తూ రెండో అర్థం పట్టుకున్నారు. రష్యన్ పేరు ‘వినీతెల్నీ’లోనూ ‘వినా’, అంటే తప్పు, ఉంది. సంస్కృత వైయాకరణులు విభక్తులకు అంకెలతో పేర్లు పెట్టడం వల్ల మనకు ఈ చిక్కు రాలేదు.