విశ్వవిద్యాలయంలో విభాగాల విలీనం ముందే ఖాయమైపోతే, డీన్‌లు, విభాగాధిపతులతో మళ్లీ సమావేశం దేనికి?

ఖాయమైనా, అమలు చేయాల్సింది వాళ్లే కదా. కాగితం మీద రెండు విభాగాలు ఒక్క ఆదేశంతో కలిసిపోతాయి. కోర్సు సగంలో ఉన్న విద్యార్థి పట్టా మీద ఏ విభాగం పేరుంటుంది? సీనియారిటీ జాబితాలు ఎలా కలుపుతారు? ల్యాబ్ ఎవరి అధీనంలో ఉంటుంది? ఇవి తేలాల్సింది ఆ సమావేశంలోనే.

2004లో మాంచెస్టర్‌లో రెండు విశ్వవిద్యాలయాలు కలిసినప్పుడు ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేయలేదు. రెండింటినీ రద్దుచేసి కొత్తది స్థాపించారు. ఎవరూ ఓడిపోయామనుకోకుండా ఉండాలంటే అదే మేలైన పద్ధతని నా అభిప్రాయం.

ఏది ఖాయమైందో, ఏది ఇంకా మార్చుకోవచ్చో మొదట్లోనే చెప్పేయాలి. అది దాచి అభిప్రాయాలు అడిగితే తర్వాత ఎవరూ నోరు విప్పరు. సమావేశం మినిట్స్‌లో, అంటే చర్చల రికార్డులో, అభ్యంతరాలు కూడా, చెప్పినవాళ్ల మాటల్లోనే, నమోదు కావాలి.