అడక్కుండానే జీతం కోశారా? ఆపేసే ముందు ఇది చదువు

సందేహం: మాది ఆదోని. ఎమ్మెస్ అయ్యాక ఇక్కడ అమెరికాలో ఓ చిన్న కంపెనీలో చేరాను. నేను ఒప్పుకోకుండానే 401కె (రిటైర్మెంట్ పొదుపు) అని జీతంలో 3 శాతం కోశారు. వేరే కంపెనీలో చేసే నా రూమ్మేట్‌కు కోయలేదు. వీసా సంగతి తేలలేదు, చదువుకు తెచ్చిన లోన్ ఊర్లో ఉంది. ఆపేయమని చెప్పనా అన్నా?

జవాబు: నిన్నెవరూ మోసం చేయలేదు అబ్బీ. 2022 డిసెంబరు 29న సెక్యూర్ 2.0 చట్టం వచ్చింది. ఆ రోజు నుంచి కొత్తగా 401కె పెట్టిన కంపెనీలు 2025 మొదలు ఉద్యోగిని వాళ్లంతట వాళ్లే చేర్చాల. మొదట 3 నుంచి 10 శాతం మధ్య కోస్తారు, తర్వాత ఏటా ఒక్కో శాతం పెంచుకుంటూ పోతారు. పదిమందికి మించని కంపెనీలకూ, మూడేళ్లు నిండని వాటికీ మినహాయింపు. పాత ప్లాన్లకు ఈ రూలు లేదు, అందుకే నీ రూమ్మేట్‌కు కోసి ఉండకపోవచ్చు.

వద్దనే హక్కు నీకుంది. మొదటి కోత తర్వాత ప్లాన్ పెట్టిన గడువులోపు (30 నుంచి 90 రోజులు) అడిగితే, పోయిన డబ్బు కూడా 10 శాతం పెనాల్టీ లేకుండా వెనక్కిస్తారు. పన్ను మాత్రం పడుతుంది, కంపెనీ కలిపింది పోతుంది.

నన్నడిగితే పూర్తిగా ఆపొద్దు. పొలమో ఇల్లో తాకట్టు పెట్టి మీ నాయన తెచ్చిన లోన్‌కు వడ్డీ రెండంకెల్లో ఉంటే, అది తీర్చడమే ముందు. కానీ కంపెనీ మ్యాచింగ్ (నువ్వు కట్టేదానికి జతగా కంపెనీ వేసేది) ఇస్తుంటే అది అందేవరకు కట్టు, మిగతాదంతా లోన్‌కు పంపు. ఆ 3 శాతంతో మ్యాచింగ్ మొత్తం రాకపోవచ్చు, చూసుకో. మ్యాచింగ్ లేదంటే నేనైతే లోన్‌కే వేస్తాను. 2024 నుంచి చదువు లోన్ కట్టినా మ్యాచింగ్ ఇచ్చే వీలు కంపెనీలకు ఉంది, తప్పనిసరి కాదు. మనూరి బ్యాంకు లోన్‌ను ఒప్పుకుంటారా అని హెచ్ఆర్‌ను మెయిల్‌లోనే అడుగు. నోటిమాట నిలవదు.

నువ్వు కట్టింది ఎప్పటికీ నీదే. కంపెనీ కలిపింది మాత్రం వెస్టింగ్ (ఇన్నేళ్లు పనిచేస్తేనే నీదనే షరతు) ప్రకారమే నీదవుతుంది, కొన్నిచోట్ల ఆరేళ్లు పడుతుంది.

ఉద్యోగం మారితే అడ్రస్ మార్చడం మరవద్దు. ఖాతాలో వెయ్యి డాలర్లు దాటకపోతే పాత కంపెనీ నిన్నడక్కుండానే చెక్కు పంపేయొచ్చు. అది నువ్వు ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకు పోతుంది. ఆపైన 7,000 వరకు ఉంటే ఐఆర్ఏ (నీ పేరు మీదుండే రిటైర్మెంట్) ఖాతాకు మార్చేయొచ్చు.

ఇండియాకు వచ్చేసినా తొందరపడి తీయకు. 59½ ఏళ్లకు ముందు తీస్తే మామూలుగా 10 శాతం పెనాల్టీ. అక్కడ పెరిగే డబ్బుకు మన దేశంలో ఏటా కాకుండా, తీసుకున్నప్పుడే పన్ను కట్టే వెసులుబాటు 2021లో తెచ్చారు. దానికి రిటర్న్ గడువులోపే ఫారం వేయాల. కర్నూల్లో ఆడిటర్‌ను పట్టుకునేటప్పుడు, ఈ ఫారం ఎప్పుడైనా వేశాడేమో ముందు కనుక్కో.